ముగ్గు గీతకి ఇవతల

మా వియ్యపురాలు చంద్రకళ అంటే నాకు ఓర్వలేనితనం. ఇదే మాట ఇంకెవరైనా అంటే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని గాని, నా గురించి నేనే చెప్పుకుంటున్నాను కాబట్టి ఇబ్బంది లేదు. పోయిన చలికాలమంతా ఆ కుళ్ళుతోనే గడిపాను. లోపల అంత మంట ఉండగా స్వెట్టరు కూడా అవసరం పడలేదు.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి తెనాలి. పొద్దున మా బండి రేపల్లె చేరేసరికి ఎండ వాకిళ్ళలోకి వస్తుంది. బస్టాండు ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కనే చంద్రకళ ఇల్లు. ఆ ప్రహరీ గోడ నేల మీద నిలబడ్డవాళ్ళకి ఎత్తే గాని బస్సులో ఉన్నవాళ్ళకి ఓ లెక్కలోది కాదు. సరిగ్గా ఆ వేళకి ఆవిడ పంచలో ఎండ పడే మూల పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళ మీద నా మనవరాలిని పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ ఉండేది.

మా డ్రైవరు ప్రభుదాస్ అక్కడికి రాగానే బండి నిదానం చేసేవాడు. నేను అడగలేదు. తనంతట తనే గేరు దించి, హారన్ కొట్టకుండా మెల్లగా తీసుకెళ్ళేవాడు. కొన్నాళ్ళకి రోజూ ఎక్కేవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. ఆ చోటికి రాగానే తలకాయలన్నీ ఒకేసారి అటు తిరిగేవి. కండక్టరమ్మ మనవరాలు ఒళ్ళు చేసిందని ఒకరు, జుట్టు ఒత్తుగా వస్తోందని ఇంకొకరు. అమ్మమ్మ చేతిలో పడ్డ పిల్లకి ఇంకేం లోటని భట్టిప్రోలులో ఎక్కే పెద్దావిడ రోజూ అనేది. ఆవిడకి టికెట్ ఇచ్చేటప్పుడు నేను ఆవిడ మొహం చూసేదాన్ని కాదు.

పాప కార్తీకంలో పుట్టింది, నెలలు నిండకుండానే. గుంటూరు ఆసుపత్రిలో చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. మొదటి కాన్పు పుట్టింటి వాళ్ళది కాబట్టి అక్కణ్ణించి తిన్నగా రేపల్లె తీసుకెళ్ళారు. అది ఆచారం, దానికి నేనేమీ అనను. బియ్యంలో పేరు రాసిన రోజున కూడా జనం వద్దన్నారని నేను డిపో మెట్ల మీద కూర్చుని ఫోన్లో చూశాను. మా వాడు రోహిత్ మేఘన అని రాస్తుండగా అటు ఫోను పట్టుకున్నవాళ్ళ చెయ్యి కదిలింది. నాకు పేరూ కనపడలేదు, పిల్లా కనపడలేదు. చంద్రకళ పట్టుచీర అంచు మాత్రం బ్రహ్మాండంగా కనపడింది.

రోహిత్ బాపట్లలో బ్యాంకు ఉద్యోగి. ఒక ఆదివారం అక్కణ్ణించి వచ్చి, ముక్కు కారుతున్నా లెక్కచేయకుండా బిడ్డని ముద్దుపెట్టుకున్నాడు. వాడికది రెండు రోజుల రొంప. పాప ఊపిరందక డొక్కలెగరేసింది. మళ్ళీ గుంటూరు పరిగెత్తాం, మళ్ళీ ఆక్సిజన్ పెట్టారు. ఆ చిన్న ముక్కులో గొట్టాన్ని అద్దంలోంచి చూస్తూ నిలబడ్డప్పుడు నాకు ఎవరి మీదా కుళ్ళు లేదు. పక్కన చంద్రకళ ఏడుస్తుంటే చెయ్యి పట్టుకున్నాను కూడా.

పాపని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పెద్దవాళ్ళకి రొంపగా పోయేదే ఈ పిల్లకి ఊపిరి మీదికి వస్తుంది. ఈ సీజన్ దాటేదాకా జనంలో తిరిగేవాళ్ళు ఆరడుగుల దూరంలో ఉండాలి, మాస్కు పెట్టుకోవాలి, ఎత్తుకోవడాలూ ముద్దులూ వద్దు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటికి పిల్ల కూడా కాస్త గట్టిపడుతుంది, అప్పుడు చూద్దామంది. తర్వాత ఒక్కొక్కరినీ ఏం చేస్తారని అడిగింది. రోహిత్ కౌంటర్లో కూర్చుంటాడు. మా ఆయన వెంకట్రామయ్య కొల్లిపర పొలం నుంచి అరటి గెలలు మార్కెట్టుకి తోలతాడు. నేను బస్సు కండక్టర్నని చెప్పగానే ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

ఇక మిగిలింది చంద్రకళ. భర్త పోయిన దగ్గర్నుంచి ఇల్లు కదలని మనిషి. ఇన్నాళ్ళూ ఆ సంగతికి నేను జాలిపడేదాన్ని. అదే ఇప్పుడు ఆవిడకి ఆస్తి అయి కూర్చుంది.

ఆ వారం నాకు సెలవు దొరికిన రోజున రేపల్లె వెళ్ళేసరికి పంచకి అడ్డంగా ముగ్గుపిండితో గీత గీసి ఉంది. గీతకి అవతల పీట, వేణ్ణీళ్ళ బకెట్టు, చంద్రకళ, పాప. ఇవతల, గేటు పక్కన, నాకో ప్లాస్టిక్ స్టూలు.

"ఏమనుకోకండి వదిన గారూ, డాక్టరమ్మ చెప్పింది కదాండి. మీ మంచికే" అంది.

"నా మంచికేంటండి, పాప మంచికి కదా" అన్నాను.

"ఆఁ, అదేలెండి."

ఆ గీత రోజూ పొద్దున్నే కొత్తగా వేసేదట. ఒకరోజు దానికి రెండు చివర్లా పువ్వులు కూడా వేసింది. పుండు మీద కారం చాలక పైన కొత్తిమీర చల్లినట్టుంది నాకు. ఆ స్టూలు మీద కూర్చుని ఆవిడ చేసేదంతా చూసేదాన్ని. నూనె అద్దడం, శనగపిండి రాయడం, మెడ మడతల్లో వేలు పోనివ్వడం, చివర్న చెంబు తిప్పి దిష్టినీళ్ళు పారబోయడం. నేనైతే ఆ నూనె ఇంకాస్త గోరువెచ్చగా చేసేదాన్ని. నేనైతే తల ఇంకాస్త పైకి పెట్టేదాన్ని. ఆవిడ వేళ్ళు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో, పాప కేర్‌మంటే ఏమని ఊరుకోబెడుతోందో, నాకు కంఠతా వచ్చేసింది. గుమ్మంలో నా కోడలు దీప్తి చెవుల్లో దూదితో, మెడ చుట్టూ శాలువాతో నిలబడి ఉండేది. పెద్ద ఆపరేషనయిన బాలింత, వంగకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు అని వాళ్ళమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. అడిగినప్పుడు తువ్వాలు అందించేది. పోనీలే, దీప్తికి విశ్రాంతి అనుకునేదాన్ని.

రూలు తప్పని అనుకోగలిగితే నా పని తేలికయ్యేది. ఆవిడతో పోట్లాడి గీత చెరిపేసేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా పోయింది, ఎందుకంటే దగ్గు ఎలా పాకుతుందో నా అంత దగ్గరగా చూసినవాళ్ళు ఉండరు. ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేకుండా పోయిన దగ్గర్నుంచి మా బండి కాలు పెట్టే సందు లేకుండా నడుస్తోంది. మంచిదే, పుట్టింటికి వెళ్ళడానికి మొగుడి జేబు వైపు చూడక్కర్లేదు. కాని చలికాలం వచ్చిందంటే వెనక సీటులో ఒకరు దగ్గుతారు, నాలుగు రోజులకి ముందు సీటు వాళ్ళు దగ్గుతారు, ఆ తర్వాత రోజూ వచ్చే టీచరమ్మలు ఇద్దరు కనపడరు. ఎవరెక్కడ కూర్చున్నారో చూసి, వచ్చే వారం ఎవరు రారో చెప్పేదాన్ని. ప్రభుదాస్ నవ్వేవాడు గాని చాలాసార్లు నిజమయ్యేది.

కరోనా అప్పుడు సీటు విడిచి సీటు కూర్చోబెట్టి, మాస్కు లేకపోతే ఎక్కనివ్వకుండా నడిపాం. ఆ రోగం చేసిన నష్టం చేసింది, అది వేరే సంగతి. కాని నాకు ఏటా సంక్రాంతి ముందర పట్టే రొంప ఆ ఏడు పట్టలేదు. డిపోలో చాలామంది అదే మాట అన్నారు. మనుషులు దూరం జరిగితే మామూలు జలుబుకి కూడా దారి దొరకలేదన్నమాట. ఇదంతా తెలిసి కూడా గీత అవతల ఉన్న మనిషిని చూసి ఉడుక్కోవడం ఎంత చిరాకో అనుభవిస్తేగాని తెలియదు.

ఇంటికొచ్చి మా ఆయన దగ్గర అంతా వెళ్ళగక్కేదాన్ని. ఆవిడ నన్ను కావాలనే గేటు పక్కన కూర్చోబెడుతోందని, నిన్న ఆరడుగులు కాదు ఎనిమిది ఉందని. ఆయన కంచంలోంచి తలెత్తకుండా విని ఒకసారి అన్నాడు.

"దుర్గా, నీకు మనవరాలు కావాలా, వియ్యపురాలి మీద గెలుపు కావాలా?"

నాకు రెండూ కావాలన్నాను. పెరుగు వెయ్యమన్నాడు.

చివరికి నేనే ఒక బేరం పెట్టాను. శివరాత్రికి డాక్టరమ్మ సరేనంటే ఆ రోజు పాపకి నీళ్ళు నేను పోస్తాను. చంద్రకళ, అలాగేనండి వదిన గారూ, శివరాత్రి మీదే అంది. ఆ మాట పట్టుకుని నేను మిగిలిన చలిని ఈదాను. పీట మీద కూర్చోవడం అలవాటు తప్పిందేమోనని ఇంట్లో ఒకటి రెండుసార్లు కాళ్ళు చాపుకుని కూర్చుని చూసుకున్నాను కూడా.

శివరాత్రి వారం పది రోజుల్లోకి వచ్చింది. ఆ రోజు రేపల్లె బస్టాండులో బండి నిండిపోయింది. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకావిడ ఆధార్ కార్డు చాచింది. మొహం కనపడలేదు గాని ఆ చేతిని గుర్తుపట్టాను. రోజూ నా మనవరాలి వీపు రుద్దే చెయ్యిని నేను గుర్తుపట్టకపోవడమేంటి.

"ఎక్కడికండీ వదిన గారూ?"

ఆవిడ కొంగు ఇంకాస్త పైకి లాక్కుంది. తెనాలికండి, చిన్న పని, అని నసిగింది. నేను అలాగే నిలబడి చూస్తుంటే మిగతాది కూడా బయటికొచ్చింది. శివరాత్రికి పాప కాళ్ళకి వెండి గజ్జెలు కొనాలి. రేపల్లెలో తనకి నచ్చినవి లేవు. దీప్తికి గుడికి వెళ్తున్నానని చెప్పింది. ఎలాగూ టికెట్ లేదు కదా, ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని ఎక్కేసింది.

నాకు అర్థమైంది. నీళ్ళు నేను పోస్తే, చూసినవాళ్ళందరూ గజ్జెలు ఎవరు పెట్టారని అడగాలి. నా శివరాత్రిలో సగం కొట్టేయడానికి బయల్దేరింది. నేనూ అదే పని చేసి ఉండేదాన్ని కాబట్టి ఆశ్చర్యపోలేదు.

బండి మొత్తం మీద ఒకే ఒక్క సీటు ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందంటే, పక్కన కూర్చున్నామె ఎక్కిన దగ్గర్నుంచి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. జ్వరమని, తెనాలి ఆసుపత్రికి వెళ్తున్నానని నాతో చెప్పింది. చంద్రకళకి అవేమీ తెలియవు. సీటు దొరికిందని అటు నడిచింది.

నేను నోరు మెదపకపోతే చాలు. ఆవిడ అక్కడ కూర్చుంటుంది, నాలుగు రోజులకి దగ్గుతుంది, గీత ఇవతలికి వచ్చి పడుతుంది. అబద్ధం ఎందుకు, ఆ ఖాళీ పీట నా కళ్ళ ముందు కనపడింది. అయితే పట్టిన రోగం పట్టిన రోజునే బయటపడదు. ఒకటి రెండు రోజులు ఏమీ ఎరగనట్టు ఒంట్లో కూర్చుంటుంది. ఆ రెండు రోజులూ ఆవిడ పీట మీదే ఉంటుంది, పాప ఆవిడ కాళ్ళ మీదే ఉంటుంది.

"అక్కడ కాదు, ఇటు రండి" అన్నాను.

ఆవిడని తీసుకొచ్చి నా సీటులో కూర్చోబెట్టాను. కిటికీ అద్దం పూర్తిగా తీశాను. సంచిలో ఉన్న కొత్త మాస్కు ఇచ్చి పెట్టుకోమన్నాను. ఆవిడకి అడ్డంగా, జనం వైపు తిరిగి, తెనాలి దాకా నిలబడ్డాను. టికెట్లు చేతులు మారి వెనక్కి వెళ్ళాయి. వేమూరు దగ్గర ఇంకో గుంపు ఎక్కితే ఎవరూ మీద పడకుండా రెండు చేతులూ కడ్డీలకి ఆనించాను. అందరూ నా మొహం మీదే దగ్గారు. మీరు కూడా కూర్చోండి వదిన గారూ అని వెనక నుంచి ఆవిడ రెండుసార్లు అంది. నా డ్యూటీ ఇదేనండి అన్నాను. ప్రేమతో చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పళ్ళు నూరుతూనే నిలబడ్డాను.

తెనాలిలో దిగాక ఆవిడ వెళ్ళలేదు. జనం పలచబడేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"దీప్తితో అనకండి వదిన గారూ."

"నేననను. మీరే చెప్పండి" అన్నాను. "ఇంత జనంలో వచ్చారు. ఇంకా బజారుకి వెళ్తారు, మళ్ళీ బస్సెక్కుతారు. ఇవాళ్టి నుంచి కొన్నాళ్ళు మీరూ గీతకి ఇవతలేనండి."

"మరి పాపకి నీళ్ళెవరు పోస్తారు?"

మీరు పోయండి అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. అన్నా లాభం లేదు. దారి పొడవునా నా మొహం మీద పడ్డ దగ్గులు నాకు గుర్తున్నాయి. నాకూ తెలియదండి అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని వెండి కొట్ల వైపు నడిచింది.

మర్నాడు ఆ ఇల్లు దగ్గర పడుతుంటే నాకు అటు చూడాలంటే భయం వేసింది. పీట మీద చంద్రకళే ఉంటే ఆ సంగతి నేను దీప్తికి చెప్పాలి. చెప్తే కుళ్ళుతో చెప్పిందంటారు, అందులో అబద్ధమూ ఉండదు. ప్రభుదాస్ ఎప్పట్లాగే బండి నిదానం చేశాడు.

పీట మీద దీప్తి ఉంది. చెవుల్లో దూది లేదు, శాలువా లేదు. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళ మీద బిడ్డని పెట్టుకుని చెంబుతో నీళ్ళు పోస్తోంది. చంద్రకళ మాస్కు పెట్టుకుని గేటు పక్కన నా స్టూలు మీద కూర్చుని ఉంది. ఇవాళ తల్లే నీళ్ళు పోస్తోందే అంది భట్టిప్రోలు పెద్దావిడ.

చంద్రకళకి జ్వరం వచ్చింది. నా సీటు ఆపలేకపోయిందో, బజార్లో అంటిందో, తిరుగు బస్సులో అంటిందో చెప్పలేం. వెనక గదిలో పడుకుంది, పాప దగ్గరికి రాలేదు. నాకూ గొంతు పట్టి రెండు రోజులు డ్యూటీకి వెళ్ళలేదు. పాపకి ఏమీ కాలేదు. రోజూ ఫోన్లో అదొక్కటే అడిగేదాన్ని, దీప్తి అదొక్కటే చెప్పేది.

తగ్గాక వెళ్తే గేటు పక్కన స్టూళ్ళు రెండున్నాయి. మా ఇద్దరి మధ్యన కూడా ఎడం ఉండాలని చంద్రకళ తనది ఆ చివరికి లాక్కుంది. ఇద్దరం మాస్కులతో కూర్చుని చూశాం. దీప్తి చేతులు ఇంకా తడబడుతున్నాయి. మెడ కింద చెయ్యి పెట్టవే అంది చంద్రకళ. నీళ్ళు వేడెక్కువేమో చూడమ్మా అన్నాను నేను. నూనె చాల్లేదని ఆవిడ, పాదాలు మర్చిపోయావని నేను. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

దీప్తి తలెత్తకుండానే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"కాసేపు ఇద్దరూ ఊరుకోండి. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి చూశాను, నాకు రాదా? నువ్వు నీళ్ళు పోస్తుంటే రోజూ ఏడుపొచ్చేదమ్మా నాకు. కన్నది నేనూ, తువ్వాలు అందించేది నేనూనా?"

చంద్రకళ తల దించుకుని మాస్కు సర్దుకుంది. నాకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. ఆ సుఖం ఎంతోసేపు లేదు.

"మీరు కూడా అత్తయ్యా. వచ్చిన ప్రతిసారీ అమ్మనే చూస్తూ కూర్చున్నారు. పాపని ఎప్పుడు చూశారు?"

మాస్కు ఉండబట్టి సరిపోయింది. దీప్తి బిడ్డని తువ్వాల్లో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం చెరో స్టూలు మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, నీళ్ళు ఆరుతున్న ఆ పీట వైపు చూస్తూ కూర్చున్నాం.

శివరాత్రికి డాక్టరమ్మ పాపని చూసి, బరువు బాగుంది, ఇక ఎత్తుకోవచ్చంది. చేతులు కడుక్కోమని, రొంప ఉంటే మాత్రం దగ్గరికి రావద్దని చెప్పింది. నేను రేపల్లె వెళ్ళేసరికి చంద్రకళ పంచ కడిగేసింది. గీత లేదు. నీళ్ళు ఎవరు పోస్తారని నేను అడగలేదు, బేరం సంగతి ఆవిడా ఎత్తలేదు. దీప్తి పీట మీద కూర్చుంది. నాకు చెంబు ఇచ్చింది, వాళ్ళమ్మకి శనగపిండి గిన్నె ఇచ్చింది. మేము అందించాం, అంతే.

నీళ్ళయ్యాక చంద్రకళ గజ్జెలు పెట్టింది. బాగున్నాయి, కాదనను. దీప్తి పాపని తువ్వాల్లో చుట్టి ఒకసారి తన గుండెకి గట్టిగా అదుముకుంది. మేమిద్దరం ఒకేసారి చేతులు చాపాం. దీప్తి ఇద్దరి వైపూ చూసి నాకు అందించింది.

చేతిలో పడ్డాక తెలిసింది, ఇన్నాళ్ళూ నేను చూసిన దానికి బరువు లేదని. చంద్రకళ మొహం ఇప్పుడు ఎలా ఉందో చూడాలని నా మెడ దానంతటదే అటు తిరగబోయింది. తిప్పలేదు. పాపనే చూశాను. ఎడమ కనుబొమ చివర చిన్న పుట్టుమచ్చ ఉంది. ఆవగింజలో సగం ఉంటుంది. చలికాలమంతా రోజూ ఈ పిల్లనే చూస్తున్నాననుకున్నాను, అది నాకు తెలియదు.

"ఇదెప్పుడు వచ్చింది?" అన్నాను.

"పుట్టినప్పట్నుంచీ ఉందండి వదిన గారూ" అంది చంద్రకళ.

మళ్ళీ ఒళ్ళు మండింది, కొంచెమే. పాపని ఇంకాస్త దగ్గరికి తీసుకుని ఆ మచ్చనే చూస్తూ కూర్చున్నాను.